మోటార్‌హోమ్‌లో మంచినీళ్ల ట్యాంకు కారుతుంటే: అతకడం, మార్చడం దశలవారీగా

అమెరికాలో పాత మోటార్‌హోమ్ (లోపలే పడక, వంటగది ఉండే బండి) కొన్న తెలుగువాళ్లు వసంతకాలం రాగానే ఒకే ప్రశ్న అడుగుతుంటారు: బండి కింద నీళ్లు కారుతున్నాయి, ట్యాంకు పగిలినట్టుంది, ఏ జిగురు పెట్టాలి? జిగురు సంగతి తర్వాత చూద్దాం. కారుతున్నది నిజంగా ట్యాంకేనా, అయితే ఎందుకు పగిలింది అన్న రెండు విషయాలు తేలకుండా పనిలోకి దిగితే డబ్బూ పోతుంది, లీకూ పోదు. ఈ వివరాలన్నీ తాగునీటి ట్యాంకుకే వర్తిస్తాయి. వాడిన నీళ్ల ట్యాంకుల కథ వేరు.

1. కారుతున్నది ట్యాంకేనా?

ట్యాంకు గోడ పగలడం కన్నా దానికి బిగించిన ఫిట్టింగులు, గొట్టాలు కారడమే ఎక్కువ. నీళ్లు చట్రం వెంట జారి, అసలు లీకుకు నాలుగడుగుల దూరంలో నేల మీద పడతాయి. అందుకే మడుగు ఉన్న చోట వెతికితే లాభం లేదు.

బండిని చదునైన చోట ఆపండి. పంపు ఆపేయండి. బయటి నీటి గొట్టం తీసేయండి. ట్యాంకు చుట్టూ, గొట్టాల చుట్టూ పూర్తిగా తుడిచి ఆరనివ్వండి. ఇప్పుడు ట్యాంకును పావు వంతు నింపి అరగంట ఆగండి. ఆ తర్వాత సగం, ఆపై ముప్పావు, చివరికి నిండా నింపుతూ ప్రతి దశలోనూ పొడి టిష్యూ కాగితంతో ఒక్కొక్క ఫిట్టింగునూ అద్ది చూడండి. ఏ మట్టం దాటాక కారడం మొదలైందో పగులు ఆ ఎత్తులోనే ఉంటుంది. నిండుగా ఉన్నప్పుడు కారి, కొంత తగ్గాక తనంతట తానే ఆగిపోతే లోపం పైభాగంలో ఉన్నట్టు. చాలాసార్లు అది నింపే గొట్టమో, లోపలి గాలిని బయటికి వదిలే గాలి గొట్టమో అవుతుంది.

తడి ఎక్కడ మొదలవుతోందో కంటికి దొరక్కపోతే పొడిగా ఉన్న గోడ మీద టాల్కం పౌడరు పలుచగా చల్లండి. నీటి చుక్క జారిన దారి పౌడరులో గీతలా కనిపిస్తుంది. ఆ గీతను పైకి అనుసరించి వెళితే పగులు దొరుకుతుంది.

ఒక పొరపాటు నిర్ధారణ గురించి ముందే చెప్పాలి. క్యాంపులో బయటి కొళాయికి గొట్టం తగిలించినప్పుడు మాత్రమే బండి కింద నీళ్లు పోతుంటే ట్యాంకును అనుమానించకండి. పంపులో నీటిని వెనక్కి పోనివ్వని వాల్వు పాడైతే కొళాయి ఒత్తిడికి నీళ్లు వెనక్కి వచ్చి ట్యాంకును నింపేస్తాయి. మిగిలినవి పొంగు గొట్టం ద్వారా బయట పడతాయి. దీనికి మందు పంపు వాల్వును మార్చడమే.

2. ఎందుకు పగిలిందో పగులే చెబుతుంది

ఒక అమెరికా గాలన్ నీళ్లు 8.34 పౌండ్లు. అంటే 40 గాలన్ల ట్యాంకు నిండితే నీళ్ల బరువే సుమారు 333 పౌండ్లు, దాదాపు 150 కిలోలు. బ్రేకు వేసిన ప్రతిసారీ ఈ బరువు ముందుకు తోసుకొస్తుంది. కింద ఆనిక సరిగ్గా లేకపోతే ప్లాస్టిక్ ఎన్నాళ్లని తట్టుకుంటుంది?

- ఆనిక కడ్డీ అంచు వెంబడి పొడవాటి సన్నని పగులు: కింద ఆనిక చాలలేదు, లేదా పట్టీ సడలి ట్యాంకు కిందికి వంగింది.
- అడుగున సూదిమొనంత రంధ్రం: స్క్రూ తలో, ఇనుప అంచో రాసుకుంది.
- నక్షత్రంలా చీలిన చిల్లు: రోడ్డు మీద రాయి తగిలింది.
- ఉబ్బిన గోడలు, విరిగిన ఫిట్టింగులు: చలికాలంలో నీళ్లు గడ్డకట్టాయి. గడ్డకడితే నీరు దాదాపు 9 శాతం పెరుగుతుంది.
- పైభాగం ఉబ్బి మూలల్లో పగులు: గాలి గొట్టం మూసుకుపోయి ఉండగా ఒత్తిడితో నింపారు.

ఈ కారణాన్ని సరిచేయకుండా కొత్త ట్యాంకు పెట్టినా అదే చోట మళ్లీ పగులుతుంది. అడుగు పగిలిన ట్యాంకును మార్చి, కింద పొడుచుకొచ్చిన స్క్రూను అలాగే వదిలేసే మరమ్మతు దుకాణాలూ ఉన్నాయి. పని బయటివాళ్లకు ఇచ్చినా "ఇది ఎందుకు పగిలింది?" అని అడిగి జవాబు రాబట్టండి. బండి మరీ పాతది కాకపోతే, పట్టీలకో ఆనికకో సంబంధించిన రీకాల్ (లోపం సరిచేయడానికి తయారీదారు బండ్లను వెనక్కి పిలవడం) ఏదైనా ఉందేమో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో బండి గుర్తింపు సంఖ్య అయిన విన్ నంబరు కొట్టి చూసుకోండి.

3. ఏ ప్లాస్టికో గుర్తించండి

మోటార్‌హోమ్ మంచినీళ్ల ట్యాంకులు ఎక్కువగా పాలిథిలిన్‌తో చేసినవి. మన ఊళ్లలో మేడ మీద పెట్టే నల్లటి నీళ్ల ట్యాంకులూ ఇదే ప్లాస్టిక్. వాటికి ఎంసీల్ పెడితే కొన్నాళ్లకు పెచ్చులా ఊడి చేతికొస్తుందని చాలా మందికి తెలుసు. పాలిథిలిన్‌కు మామూలు జిగుర్లేవీ పట్టవు. సిలికాన్ అసలే పట్టదు. దీన్ని అదే ప్లాస్టిక్‌తో కరిగించి అతకాలి.

కొన్ని ట్యాంకులు ఏబీఎస్ అనే మరో ప్లాస్టిక్‌తో చేస్తారు. వాటికి ఏబీఎస్ సిమెంటు పనిచేస్తుంది. రెండింటికీ తేడా తెలుసుకునే మార్గాలివి:

- ట్యాంకు మీద అచ్చు వేసిన అక్షరాలు, తయారీదారు స్టిక్కరు చూడండి.
- పాలిథిలిన్ మైనంలా నున్నగా, పాల రంగులో, వెలుతురు కొంత సోకేలా ఉంటుంది. ఏబీఎస్ గట్టిగా, చాలావరకు నల్లగా ఉంటుంది.
- కనపడని అంచు నుంచి చిన్న పెచ్చు గీకి నీళ్లలో వేయండి. పాలిథిలిన్ తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది.
- దూదితో ఒక చుక్క అసిటోన్ అద్దండి. ఏబీఎస్ జిగటగా మెత్తబడుతుంది. పాలిథిలిన్‌లో మార్పు ఉండదు.

పాలిథిలిన్‌లోనే క్రాస్‌లింక్డ్ అనే రకం ఒకటుంది. వేడి చేస్తే అది మెత్తబడుతుంది కానీ కరిగి కలవదు. అలాంటి ట్యాంకును మార్చడం తప్ప దారి లేదు.

4. అతకాలా, మార్చాలా?

చదునైన గోడ మీద పొట్టి పగులు, చిన్న చిల్లు, చుట్టూ ప్లాస్టిక్ ఇంకా బలంగా ఉంటే అతకండి. మూలల్లో పగులు, ఫిట్టింగు మొదట్లో పగులు, ఒకటికి మించి పగుళ్లు, గడ్డకట్టి ఉబ్బిన గోడ ఉంటే మార్చండి. గోటితో గీస్తే సుద్దలా పొడి రాలుతున్న పాత ప్లాస్టిక్‌ను అతకడమంటే వృథా ప్రయాసే. ఈ చివర అతుకుతుంటే ఆ చివర పగులుతుంది.

ప్రయాణం మధ్యలో పగిలితే బ్యూటైల్ టేపో (జిగురు రబ్బరు టేపు), నీటి లీకు టేపో బయట నుంచి చుట్టి, నీటి మట్టాన్ని పగులుకు దిగువన ఉంచి ఇల్లు చేరవచ్చు. ఆ టేపును శాశ్వతమని నమ్ముకోకండి.

5. పనిముట్లు, ముందు జాగ్రత్తలు

- చక్రాలకు అడ్డుదిమ్మలు, బండికి తగిన జాక్ స్టాండులు
- ట్యాంకును మోయడానికి జాకీ, దాని మీద వేసే ప్లైవుడ్ పలక
- 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్, పదునైన గీకుడు కత్తి, 80 నంబరు ఎమిరీ కాగితం
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని గుడ్డ
- ఉష్ణోగ్రత మార్చుకోగల హాట్ ఎయిర్ వెల్డర్ (వేడిగాలితో ప్లాస్టిక్‌ను కరిగించే పరికరం), సన్నని నాజిల్
- ట్యాంకు ప్లాస్టిక్ రకానికి చెందిన వెల్డింగ్ కడ్డీ
- పీటీఎఫ్ఈ టేపు (కారకుండా మరలకు చుట్టే పలుచని టేపు), కొత్త హోస్ క్లాంపులు
- కళ్లద్దాలు, చేతి తొడుగులు, వాక్యూమ్ క్లీనర్

పంపు ఫ్యూజు తీయండి. బయటి కరెంటు తీగ తీసేసి, బ్యాటరీ స్విచ్ ఆపి, గ్యాస్ సిలిండరు వాల్వు మూయండి. వాటర్ హీటరు ఆపేయండి. ట్యాంకు ఖాళీ అయ్యాక హీటరులో కూడా నీళ్లు ఉండకపోవచ్చు. నీళ్లు లేని హీటరులో కరెంటు ఎలిమెంటు వేస్తే క్షణాల్లో మాడిపోతుంది. పని అంతా పూర్తయ్యి, వేడినీళ్ల కొళాయిలో ధార ఆగకుండా వచ్చేదాకా ఆ స్విచ్ జోలికి వెళ్లకండి. మర్చిపోకుండా స్విచ్ మీద ఒక కాగితం అంటించండి.

కేవలం జాకీ మీద నిలబడిన బండి కిందికి ఎప్పుడూ దూరవద్దు. బండికే ఉన్న లెవెలింగ్ కాళ్లు కూడా ఆ పనికి పనికిరావు.

6. ట్యాంకును బయటికి తీయడం

కొన్ని బండ్లలో ట్యాంకు మంచం కిందో, సోఫా కిందో ఉంటుంది. మరి కొన్నింటిలో నేల కింద చట్రానికి వేలాడుతుంది. నేల కింద ఉంటే ముందు అడుగు పలక విప్పాలి. ఆ పలక మీద నీళ్లు నిలిచి ఉండవచ్చు కాబట్టి ఒక మూల విప్పి, నీళ్లు కారిపోయాకే మిగతా స్క్రూలు తీయండి.

తీసే ముందు ప్రతి గొట్టానికీ, ప్రతి తీగకూ మాస్కింగ్ టేపు చుట్టి పేరు రాయండి: నింపేది, గాలిది, పంపుకు వెళ్లేది, కింద ఖాళీ చేసేది. నీటి మట్టం చూపే సెన్సరు తీగలు ఒకే రంగులో ఉండి గందరగోళపెడతాయి. వాటికి కింది నుంచి పైకి నంబర్లు వేయండి. నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి.

ప్లైవుడ్ పలక పరిచిన జాకీని ట్యాంకు కింద ఆనించాకే పట్టీల బోల్టులు విప్పండి. రెండో మనిషి ఉండాలి. పూర్తిగా ఖాళీ అయిందనుకున్న ట్యాంకులోనూ మూలన కొన్ని గాలన్లు మిగిలి, దించేటప్పుడు ఒక పక్కకు ఒరిగిస్తాయి.

బండి లోపలి ట్యాంకుకు ఇంకో చిక్కు. తయారీలో ట్యాంకు పెట్టాకే గోడలు కట్టి ఉంటే అది తలుపులోంచి రాదు. పాతదాన్ని ఎలాగూ పారేసేదే అయితే రంపంతో ముక్కలు చేసి తీయొచ్చు. కానీ కొత్తది లోపలికి ఎలా పోతుందో కొలిచి చూశాకే రంపం పట్టుకోండి. పట్టదని తేలితే చిన్న ట్యాంకులు రెండు కొని అడుగున గొట్టంతో కలపవచ్చు. అప్పుడు రెండింటికీ విడివిడిగా గాలి గొట్టం ఉండాలి.

7. పగులును అతకడం

ట్యాంకును లోపలా బయటా పూర్తిగా ఆరనివ్వండి. పగులులో దాగిన తేమ వేడికి ఆవిరై అతుకులో బుడగలు లేపుతుంది.

మొదట పగులు రెండు చివర్లలో చిన్న రంధ్రాలు వేయండి. కంటికి కనిపించే చివరకు కొంచెం అవతల వేయాలి. అసలు పగులు కనిపించినదాని కన్నా పొడవు ఉంటుంది. గుండ్రటి రంధ్రం దగ్గర ఒత్తిడి చెదిరిపోయి పగులు ముందుకు పాకదు. ఈ పని వదిలేసినవాళ్ల అతుకులు చక్కగానే ఉంటాయి, పగులు మాత్రం అతుకు పక్క నుంచి బయలుదేరుతుంది.

తర్వాత పగులు వెంట ఆంగ్ల అక్షరం వి ఆకారంలో గాడి తీయండి. గోడ మందంలో మూడింట రెండు వంతుల లోతు చాలు. గాడికి రెండు పక్కలా అంగుళం వెడల్పున పైపొర గీకేయండి. ఎండకు, గాలికి పాతబడిన ఆ పైపొర కలవనివ్వదు. ఆల్కహాల్‌తో తుడిచాక ఆ చోట చేత్తో తాకవద్దు.

కడ్డీ సరైనదో కాదో ముందే పరీక్షించండి. ట్యాంకులో కనపడని చోట అంగుళం పొడవు అతికి, చల్లారాక పటకారుతో లాగండి. కడ్డీ తెగాలి గానీ ఊడి రాకూడదు. ఊడివస్తే అది వేరే ప్లాస్టిక్.

తక్కువ సాంద్రత పాలిథిలిన్‌కు వేడిగాలి సుమారు 270 డిగ్రీల సెల్సియస్, ఎక్కువ సాంద్రత రకానికి సుమారు 300 దగ్గర మొదలుపెట్టండి. గాలిని కడ్డీ మీదా గాడి మీదా మార్చి మార్చి ఆడించండి. పాల రంగు ప్లాస్టిక్ కరిగే క్షణంలో తెలుపు పోయి తడి గాజులా మెరుస్తుంది. గాడి, కడ్డీ రెండూ అలా మెరిసినప్పుడే నొక్కాలి. ఒక్క కడ్డీయే మెరిస్తే అది గాడి మీద పడుకుంటుంది తప్ప కలవదు. గోధుమ రంగు తిరిగినా, పొగ లేచినా వేడి ఎక్కువైంది. మాడిన భాగాన్ని గీకేసి మళ్లీ చేయాలి. తలుపులు తెరిచి ఉన్న చోటే ఈ పని చేయండి.

గాడి నిండాక, అతుకు చుట్టూ ఉన్న గోడ కన్నా కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండాలి. అందంగా కనిపించాలని అరగదీసి చదును చేయకండి, బలం పోతుంది. తనంతట తాను చల్లారనివ్వండి. తడిగుడ్డ వేసి తొందరపెడితే కొత్త పగుళ్లు వస్తాయి.

గోడకు చిల్లు పెద్దదైతే అదే ప్లాస్టిక్ ముక్కను చిల్లు కన్నా అన్ని వైపులా అంగుళం ఎక్కువగా, మూలలు గుండ్రంగా కత్తిరించి, అంచంతా వెల్డ్ చేయండి.

8. ఫిట్టింగు దగ్గర కారుతుంటే

ఫిట్టింగు విప్పి దాని మరలను శుభ్రం చేయండి. బయటి మర మీద పీటీఎఫ్ఈ టేపు సవ్యదిశలో మూడు చుట్లు చుట్టి, చేత్తో బిగిసేదాకా తిప్పండి. ఆపై స్పానరుతో ఒకటి నుంచి రెండు చుట్లు చాలు. కారుతోంది కదా అని ఇంకా బిగిస్తే ఫిట్టింగు దూరే ట్యాంకు ప్లాస్టిక్ మూతి చీలుతుంది. ఇత్తడి ఫిట్టింగుతో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. వీలైతే ప్లాస్టిక్ మూతికి ప్లాస్టిక్ ఫిట్టింగే వాడండి.

పంపు గొట్టం బరువంతా ఫిట్టింగు మీద వేలాడకుండా, అరడుగు దూరంలో గొట్టానికి ఒక క్లిప్పు వేయండి. ఫిట్టింగులు వదులవడానికి సగం కారణం ఈ వేలాడే బరువే.

9. కొత్త ట్యాంకు కొనేటప్పుడు కొలతలు

పాత ట్యాంకు మీది తయారీదారు స్టిక్కరు, మోడల్ నంబరు దొరికితే పని సులువు. లేకపోతే ఇవన్నీ రాసుకోండి:

- పొడవు, వెడల్పు, ఎత్తు, గోడ మందం
- ప్రతి మూతికీ మర సైజు
- ప్రతి మూతి మధ్య బిందువు నుంచి దగ్గరి రెండు అంచులకు దూరం
- బండి ముందు భాగం ఏ వైపు, డ్రైవరు ఏ వైపు
- సెన్సర్ల స్థానాలు

ఎక్కువ మంది దెబ్బతినేది కుడి ఎడమల దగ్గర. బోల్తా పెట్టిన ట్యాంకును కొలిచి బొమ్మ గీస్తే మూతులన్నీ అద్దంలో బొమ్మలా తిరగబడతాయి. బొమ్మ మీద "పైనుంచి చూస్తే" అని రాసి, బాణం గుర్తుతో బండి ముందు వైపు చూపండి. తాగునీటికి పనికొచ్చే ప్లాస్టిక్ అని తయారీదారు స్పష్టంగా చెప్పాలి. తాగునీటి పరికరాలకు అమెరికాలో ఎన్‌ఎస్‌ఎఫ్ 61 అనే ప్రమాణం ఉంది. మూతులు తయారీదారు దగ్గరే అతికించి తెప్పించుకోవడం మంచిది.

10. ఆనిక, బిగింపు

ముందు పాత ఆనికను చేత్తో తడిమి చూడండి. స్క్రూ మొనలు, ఇనుప అంచులు, తుప్పు పెచ్చులు ఏవీ ఉండకూడదు. అడుగంతా ఆనేలా, రంగు వేసిన ముప్పావు అంగుళం ప్లైవుడ్ పరిచి, దాని మీద పలుచని రబ్బరు చాప వేయండి. రెండు ఇనుప కడ్డీల మధ్య ట్యాంకును వేలాడదీయకండి.

ముందుకూ వెనక్కూ జరగకుండా అంచుల్లో కోణపు కడ్డీలు ఉండాలి. పాలిథిలిన్ ట్యాంకు నిండితే కొద్దిగా ఉబ్బుతుంది కాబట్టి వాటికీ ట్యాంకుకూ మధ్య కొంచెం ఖాళీ వదలండి. పట్టీలు వెడల్పుగా, కింద రబ్బరుతో ఉండాలి. అవి ట్యాంకును కదలనివ్వకూడదు, నొక్కేయనూ కూడదు.

గాలి గొట్టం ట్యాంకు పైభాగం నుంచి మెలిక లేకుండా పైకే పోవాలి. నింపే గొట్టంలో ఎక్కడా పల్లం ఉండకూడదు. ఉంటే నింపేటప్పుడు నీళ్లు ముఖాన చిమ్ముతాయి.

రంధ్రాలు చేసిన పని ఏదైనా ఉంటే లోపలి ప్లాస్టిక్ తురుమును వాక్యూమ్‌తో తీసి, రెండుసార్లు నీళ్లు నింపి వదలండి. మిగిలిన తురుము పంపు ముందరి జల్లెడలో చిక్కుకుని నీటి ధార సన్నబడుతుంది.

11. అడుగు పలక బిగించే ముందు పరీక్ష

ట్యాంకును గాలి ఒత్తిడితో పరీక్షించకండి, అది ఒత్తిడి తట్టుకునే పాత్ర కాదు. మొదట చేసినట్టే పావు, సగం, ముప్పావు, నిండా నింపి టిష్యూతో అద్దండి. నిండుగా ఒక రాత్రి ఉంచండి. తర్వాత పంపు ఫ్యూజు పెట్టి అన్ని కొళాయిలూ తిప్పి చూడండి.

ఆ తర్వాత గతుకుల వీధుల్లో నెమ్మదిగా కొన్ని మైళ్లు తిప్పి, రెండు మూడుసార్లు బ్రేకు వేసి, మళ్లీ అద్దండి. నిలబడిన బండిలో కారని అతుకు కదిలే బండిలో కారవచ్చు. పట్టీలు కూడా ఈ తిరుగుడులోనే సర్దుకుని సడలుతాయి. అప్పుడు మరోసారి బిగించి, చివరగా అడుగు పలక వేయండి.

12. తాగే ముందు శుద్ధి

సువాసన కలపని మామూలు క్లోరిన్ బ్లీచు తీసుకోండి. ట్యాంకు సామర్థ్యంలో ప్రతి 15 గాలన్లకు పావు కప్పు, అంటే సుమారు 60 మిల్లీలీటర్లు. 40 గాలన్ల ట్యాంకుకు దాదాపు 160 మిల్లీలీటర్లు పడుతుంది.

- ముందుగా నీటి ఫిల్టర్లు తీసేయండి.
- బ్లీచును బకెట్ నీళ్లలో కలిపి పోయండి. నేరుగా ట్యాంకులో పోయవద్దు.
- ట్యాంకు నింపి, ఒక్కొక్క కొళాయీ బ్లీచు వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయండి. చల్లనీళ్లు, వేడినీళ్లు, షవరు, టాయిలెట్ అన్నీ.
- 12 గంటలు ఉంచండి.
- ఖాళీ చేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి.
- కొత్త ఫిల్టర్లు వేయండి.

బ్లీచు ఉన్న ట్యాంకులో వెనిగరు గానీ, అమ్మోనియా ఉన్న ద్రావకాలు గానీ కలపకండి. విషవాయువు పుడుతుంది.

13. చలికాలానికి ముందు

ఒహాయో, న్యూజెర్సీ, మిషిగన్ వంటి చలి రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు తొలి మంచుకు ముందే ట్యాంకు అడుగు వాల్వు తెరిచి ఖాళీ చేయాలి. బండిని వాల్వు ఉన్న వైపు కొద్దిగా వంచితే మూలల్లో నీళ్లూ పోతాయి. వాటర్ హీటరును బైపాస్ చేసి (దానిలోకి పోకుండా మళ్లించి), పంపు ముందరి గొట్టం ద్వారా మోటార్‌హోమ్‌లకు అమ్మే గులాబీ రంగు ప్రొపైలీన్ గ్లైకాల్ ద్రావణాన్ని లాగించి, ప్రతి కొళాయిలోనూ గులాబీ రంగు వచ్చేదాకా తిప్పండి. కారు రేడియేటరులో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, దాన్ని ఈ పైపుల్లోకి రానివ్వకండి. అడుగు వాల్వును వసంతం దాకా తెరిచే ఉంచి, పురుగులు దూరకుండా దాని మూతికి సన్నని జాలీ కట్టండి.